మౌనవిద్య మా ఆటకు సరిపోతుందా

నా తోడల్లుడు రాసిన పుస్తకం పదహారే పేజీలు. దాన్ని ఏడుసార్లు చదివాను. మొదటి రెండుసార్లు తప్పులు దొరుకుతాయన్న ఆశతో, తర్వాతి నాలుగుసార్లు దొరకలేదన్న ఉక్రోషంతో, ఏడోసారి మాత్రం బాగుందని. ఈ ఏడోసారి సంగతి ఎవరికీ చెప్పలేదు.

ముందు మా ఆట సంగతి చెప్పాలి. దీనికి గళ్ళ బోర్డు ఉండదు, పావులు ఉండవు. బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు, ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర. ఒకరు దొంగ, ఒకరు యోధుడు, అలాగన్నమాట. ఐదోవాడు కథ నడుపుతాడు. "వంతెన దగ్గరకొచ్చారు, అవతల కాపలావాళ్ళున్నారు, ఏం చేస్తారు?" అంటాడు. వాళ్ళు చేసేది చెబుతారు, అది అయ్యేదీ కానిదీ పాచిక తేలుస్తుంది. మా ఆట పేరు ఉప్పుకోట. అందులో దేశాలు, రాజులు, రాక్షసులు, నియమాలు అన్నీ నేను రాసినవే. పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ ఐదో కుర్చీ నాది.

నేను కారు నడపడం నేర్పుతాను. వారమంతా "క్లచ్ వదలకు, అద్దం చూడు, ఎడమంటే ఎడమ" అని అరవడమే నా పని. ఆ గొంతే ఆదివారం రాజుగా మారుతుంది, ముసలి మంత్రగత్తెగా మారుతుంది, అవసరమైతే తుఫానుగా కూడా మారుతుంది. నాకు మాట్లాడటం ఇష్టం. అందులో దాచుకోవడానికేముంది?

నా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు, చెవి పరీక్షలు చేస్తాడు. శబ్దం చొరబడని చిన్న గదిలో జనాన్ని కూర్చోబెట్టి "వినపడితే చెయ్యెత్తండి" అంటాడు. అంతే, ఇక గంటసేపు మాట ఉండదు. మా అత్తగారు "చిన్నల్లుడు బంగారం" అంటుంది, "పెద్దల్లుడు బాగా మాట్లాడతాడు" అంటుంది. రెండూ పొగడ్తలేనని మా ఆవిడ వాదన. ఆ మాత్రం తేడా తెలియని వెర్రివాణ్ణేం కాను నేను.

ఆయన రాసిన పుస్తకం పేరు మౌనవిద్య. ఉప్పుకోటకు అనుబంధంగా, మంత్రాలు వేసే కొత్త పద్ధతి. నా పద్ధతిలో మంత్రగాడు మంత్రాన్ని పైకి చదవాలి. నూట నలభై మంత్రాలు రాశాను, ప్రాసతో సహా. చదివి పాచిక వేస్తే, ఆరు పడితే బురుజులు కూలతాయి. ఆయన పద్ధతిలో మంత్రగాడు నోరు మూసుకోవాలి. కథలోని పాత్ర కాదు, బల్ల దగ్గర కూర్చున్న మనిషే మూసుకోవాలి. మంత్రం వేయదలచినవాళ్ళు తమ ముందు ఒక గిన్నె పెట్టుకుంటారు. అక్కడినుంచి ఒక్క మాట మాట్లాడకూడదు. మిగతా అందరి వంతూ ఒక చుట్టు పూర్తయిన ప్రతిసారీ గిన్నెలో ఒక చొక్కా గుండీ పడుతుంది. ఒక గుండీకి దీపం ఆర్పొచ్చు, ఆరు గుండీలకి మూసిన తలుపు తెరిపించొచ్చు, ఇరవైకి చచ్చినవాళ్ళని లేపొచ్చు. చాలినన్ని చేరాక ఏం జరగాలో చీటీ మీద రాసి ఇస్తారు. పాచిక లేదు, రాసిందే జరుగుతుంది. మధ్యలో నోరు తెరిస్తే మాత్రం గుండీలన్నీ మళ్ళీ డబ్బాలోకే. "ఇంటికి నిప్పంటుకుంటే మాట్లాడండి, గుండీలు పోతే పోయాయి" అని కూడా రాశాడు మహానుభావుడు.

మాటల మీద నడిచే ఆటలో మాట్లాడనివాడు బలవంతుడట! మొదటిసారి చదివినప్పుడు పకపకా నవ్వాను. మూడోసారికి నవ్వు రాలేదు.

మా ఆటలో యోధుడు ప్రెస్సాయన. అచ్చాఫీసు ఆయనదే, మేం ఆడేదీ అక్కడే, కాగితం కట్టల మధ్య ఉన్న పెద్ద బల్ల మీద. ఉప్పుకోట మొదటిసారి అచ్చు వేసింది ఆయనే. కాపీలన్నీ చెల్లిపోయి రెండోసారి వేయబోతుండగా మౌనవిద్య ఆయన చేతిలో పడింది. ఒకరోజు నన్ను పిలిచి, సిరా వేళ్ళతో ఆ పుస్తకాన్ని నా ముందు పెట్టాడు.

"చాలా బాగుందయ్యా ఇది. ఆటతో కలిపి కుట్టేద్దామనుంది. కానీ నా కుట్టు మిషను ఇంతకంటే మందం పట్టదు. పదహారు పేజీలు లోపల పెట్టాలంటే పదహారు పేజీలు బయటికి తీయాలి."

"ఏం తీస్తావు?"

"నీ మంత్రాల అధ్యాయం సరిగ్గా పదహారు పేజీలు."

పుస్తకాన్ని ఆయన వైపు తోసేశాను. ఆయన మాత్రం కాగితం కొలత చెబుతున్నట్టే చెప్పుకుపోయాడు.

"ఆట నీది. కాబట్టి నీదుంచాలో ఆయనది పెట్టాలో నువ్వే చెప్పు. రెండు ఆదివారాలు ఆడి చూద్దాం. మన ఆటకి సరిపోతుందో లేదో ఒక్క ముక్క రాసిచ్చెయ్యి, ఆ సోమవారమే మిషనెక్కిస్తా."

తోడల్లుడికి ఈ సంగతి చెబితే, "మీరెలా అంటే అలాగే అన్నయ్యా," అన్నాడు. ఆ వినయం చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఎదుటివాడు పొగరుగా ఉంటే నాలుగు దులపొచ్చు. వినయంగా ఉంటే ఏం చేసి చస్తాం?

ఇక మా ఆవిడ. ఆవిడ పళ్ళ సెట్లు చేసే ల్యాబులో పని చేస్తుంది. మైనంలో పన్ను చెక్కి, పక్క పళ్ళ రంగుకు తగ్గ రంగు ఎంచి, ఎవరి నోటికో అమరేలా చేసి పెడుతుంది. "ఊరందరి నోళ్ళూ బాగు చేస్తావు, నీ నోరు మాత్రం విప్పవు" అని వేళాకోళం చేస్తుంటాను. ఆటలో ఆవిడ వైద్యురాలు. పదకొండేళ్ళలో ఆ వైద్యురాలు పలికిన మాటలన్నీ పోగేస్తే ఒక పేజీ నిండదు. నోట్లో నాలుక లేని మనిషి, పాపం నాకోసం వచ్చి కూర్చుంటోంది అనుకునేవాణ్ణి. ఆవిడ వంతు వచ్చినప్పుడు ఇబ్బంది పడకుండా నేనే, "వైద్యురాలు కట్టు కడుతుంది, అంతేగా?" అని అందించేవాణ్ణి. ఆవిడ తలూపేది. భార్యను ఎంత బాగా చూసుకుంటున్నానో అని నాకు నామీదే ముచ్చటేసేది.

మొదటి ఆదివారం, కోట తలుపు దగ్గర కథ చిక్కుపడింది. లోపల నలుగురు కాపలావాళ్ళు, బయట మావాళ్ళు. మరదలు ఆటలో దొంగ. గోడెక్కుతానంటే ప్రెస్సాయన వద్దంటాడు, ఆయన తలుపు విరగ్గొడతానంటే ఈవిడ వద్దంటుంది. ఇద్దరూ గొడవ పడుతుంటే మా ఆవిడ చెయ్యి చాచి గిన్నె తన ముందుకు జరుపుకుంది. నేను గమనించనేలేదు. ఆవిడ మాట్లాడకపోవడం నాకు కొత్తా? తోడల్లుడు మాత్రం చుట్టు చుట్టుకీ లేచి గిన్నెలో ఒక్కో గుండీ వేస్తున్నాడు. ఆరు పడ్డాక ఆవిడ చీటీ రాసి నాకిచ్చింది.

"కాపలావాళ్ళకి ఒకేసారి ఇల్లు గుర్తొచ్చింది. పొయ్యి మీద ఏదో పెట్టి మరిచిపోయి వచ్చామని అనిపించింది. తలుపు వాళ్ళే తీసి, పరిగెత్తుకుంటూ పోయారు."

పైకి చదివాను.  మరదలు "అక్కా!" అని అరిచి ఆవిడ మెడ కౌగిలించుకుంది. ప్రెస్సాయన బల్ల మీద అరచేత్తో చరిచాడు. తోడల్లుడు మెల్లగా, "రాసిన నాకే ఇలాంటిది తట్టలేదు వదినగారూ," అన్నాడు. మా ఆవిడ నవ్వింది. పెళ్ళినాటి నవ్వు అది. నా నూట నలభై మంత్రాల్లో ఒక్కదానికీ అలా నవ్వలేదు. పళ్ళు పటపట కొరుక్కోకుండా ఉండటానికి నాకు చాలా కష్టమైంది.

ఆరోజు ఆట చివర దొంగ పంతం కొద్దీ ఆ గోడే ఎక్కబోయి, పాచిక మీద ఒకటి పడి, కిందపడి చచ్చిపోయింది. మరదలు మూతి ముడుచుకుంది. మా ఆవిడ ఆమె చెయ్యి నొక్కి ఊరుకుంది.

ఆ వారమంతా నాకు నరకం. ఇంట్లో ఎక్కడ చూసినా మా ఆవిడ రాసుకున్న చీటీలు. సబ్బు పెట్టె పక్కన ఒకటి, రొట్టెల డబ్బా మీద ఒకటి. ఒక సాయంత్రం ఆవిడ ఫోనులో గలగలా మాట్లాడుతోంది. "పన్నెండు గుండీలకి వాన ఆపొచ్చా మరిదిగారూ? ఆపినా పర్వాలేదు గానీ, ఆ నీళ్ళెక్కడికి పోవాలి?" అని పావుగంట అడిగింది. నా ఆట గురించి నన్ను పదకొండేళ్ళలో ఒక్క ప్రశ్న అడగలేదు. అనుమానపడే రకం అసూయ కాదు నాది. తోడల్లుడు అలాంటివాడు కాడు, ఆవిడా కాదు. అయినా కడుపు మండింది. నేను కట్టిన ఇంట్లో నా పెళ్ళానికి ఊపిరాడే కిటికీ ఎవడో వచ్చి పెట్టాడు. దానికి మించిన అవమానం ఇంకేం కావాలి?

శనివారం కూర్చుని తీర్పు రాసేశాను. "సరిపోదు. ఆట వేగం తగ్గుతుంది, పాచికకు విలువ పోతుంది, కొత్తవాళ్ళకు అర్థం కాదు." చదువుకుంటే ఎంతో నిష్పక్షపాతంగా ఉంది. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

రెండో ఆదివారం మా ఆవిడ ఆట మొదలవగానే గిన్నె ముందుకు లాక్కుని చీటీ మీద ఒకే మాట రాసి అందరికీ చూపించింది: "దొంగని లేపుతాను." అంటే ఇరవై గుండీలు. ఇరవై చుట్లు నోరు విప్పకూడదు. సాయంత్రం దాకా పడుతుంది.

ఆవిడ నోరు మూసుకుని కూర్చుంటే బల్ల అంతా ఆవిడ చుట్టూ తిరిగింది. ప్రెస్సాయన యోధుడు కత్తి దూసి వైద్యురాలికి కాపలా నిలబడ్డాడు. ఆటలో పడవవాడైన తోడల్లుడు ఆమెను పడవలో ఎక్కించుకున్నాడు. చచ్చిపోయిన మరదలు ఊరికే కూర్చోలేక గుండీలు వేసే పని తీసుకుంది. నేను తుఫాను తెచ్చాను, పాముల్ని వదిలాను, వెనకనుంచి సైన్యాన్ని పంపాను. ఒక్కో చుట్టుకి ఒక్కో గుండీ టక్కున పడుతూనే ఉంది. నా గొంతు బొంగురుపోయింది. అంత గొప్పగా నేనెప్పుడూ ఆట నడపలేదు, కానీ ఎవరూ నావైపు చూడటం లేదు. అందరి కళ్ళూ గిన్నె మీదే.

పందొమ్మిది గుండీలు పడ్డాయి. మా ఆవిడ కలం చేతిలోకి తీసుకుంది. ఏం రాయబోతోందో నాకు తెలియదు. అది నా నూట నలభై మంత్రాలనూ మింగేస్తుందని మాత్రం తెలుసు. అది పైకి చదవాల్సిందీ నేనే.

నా ఫోను తీసి చూసినట్టు చూశాను.

"ఏమే, మీ ల్యాబువాళ్ళు రాశారు. ఆ పెద్దాయన పై పళ్ళ సెట్టులో ముందు పన్ను ఊడిందట. ఏ రంగు వేశావని అడుగుతున్నారు, అర్జెంటట."

"ఏ-త్రీ," అందావిడ వెంటనే. "చిగురు దగ్గర కాస్త ముదురు."

తన గొంతు తనకే వినపడి, చేత్తో నోరు మూసుకుంది. మరదలు "అయ్యో అక్కా" అంది. మా ఆవిడ పందొమ్మిది గుండీలనీ తనే డబ్బాలో పోసేసింది. గొణగలేదు, సణగలేదు.

"ఫోనిలా ఇవ్వండి, నేనే మాట్లాడతాను. చిగురు దగ్గర ఎలా దిద్దాలో రాస్తే వాళ్ళకి అర్థం కాదు."

"నేను పంపేశాలే," అన్నాను.

ఆవిడ చాచిన చెయ్యి అలాగే ఉంది. "ఇవాళ ఆదివారం కదండీ. ల్యాబు తాళం వేసి ఉంటుంది. పన్నూడిన సంగతి ఎవరికి తెలిసింది?"

ఫోను గబుక్కున జేబులో పెట్టేసుకున్నాను. నలుగురూ నన్నే చూస్తున్నారు. తల కొట్టేసినట్టయింది. రాక్షసుడి వేషం వేసి ఎన్నిసార్లు వాళ్ళని మోసం చేశానో లెక్కలేదు, కానీ ఇప్పుడు నా ముఖానికి ఏ వేషమూ లేదు.

తోడల్లుడే ముందు నోరు విప్పాడు. "తప్పు నాదే అన్నయ్యా. ఆట నడిపేవాళ్ళు అబద్ధమాడితే ఏం చెయ్యాలో నేను రాయలేదు. ఆ లోపం ఉందిగా, సరిపోదనే రాసెయ్యండి." మనస్ఫూర్తిగానే అన్నాడు. చెంప మీద ఒక్కటిచ్చినా బాగుండేది.

"అయితే నేను చచ్చినట్టేనా?" అంది మరదలు. ఎవరూ నవ్వలేదు. ఆ రోజు ఆట అక్కడితో ఆగిపోయింది.

ఇంటికి మా ఆవిడే కారు నడిపింది. అది నేను పాఠాలు చెప్పే కారు, నేర్పేవాడి కాలి కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేను పక్కన కూర్చుని అలవాటు కొద్దీ దాని మీద కాలు పెట్టాను. ఆవిడకి లైసెన్సు వచ్చి తొమ్మిదేళ్ళయింది. కాలు తీసేశాను.

"సరదాకి అన్నాను," అన్నాను.

"ఊఁ."

"కోపం వచ్చిందా?"

"వచ్చింది. నా పని పేరు చెప్పి అడిగారు. ఇంకేదైనా అడిగుంటే తలూపి ఊరుకునేదాన్ని. మీకది తెలుసు."

తెలుసు.  రెండు వీధులు దాటాక అడిగాను. "నిజం చెప్పు. ఆ మౌనవిద్య మన ఆటకి సరిపోతుందా?"

ఆవిడ వెంటనే బదులు చెప్పలేదు. నాలుక చివర మూడు జవాబులు సిద్ధంగా ఉన్నాయి, మూడూ ఆవిడకి అందిద్దామనిపించింది. పెదవి కొరుక్కుని ఆగాను. ఎర్ర దీపం దగ్గర కారు ఆగింది, ఆకుపచ్చ వచ్చింది, మలుపు కూడా తిరిగింది.

"సరిపోదు," అంది.

నా మనసు ఎగిరి గంతేసింది. సిగ్గులేని మనసు.

"మన ఆటంటే మీరు చెప్పడం, మేం వినడం," అంది ఆవిడ, రోడ్డు మీదనుంచి కళ్ళు తిప్పకుండా. "అందులో దీన్ని తెచ్చి కుడితే ప్రతి ఆదివారం ఇవాళ జరిగిందే జరుగుతుంది. ఎవరో ఒకరు నోరు మూసుకోవాలి, మీకది పడదు. నాకు సిగ్గని అనుకున్నారు కదా ఇన్నాళ్ళూ? నాకు సిగ్గేం లేదండీ. ఏం చెయ్యాలో ఆలోచించుకునేలోపు నా వంతు మీరే ఆడేసేవారు."

"అప్పుడే చెప్పొచ్చుగా?"

"ఎప్పుడు?"

 ఇంటి ముందు కారు ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, మిగతాది చెప్పింది. "ఇందాక బయల్దేరేటప్పుడు మరిదిగారు దాన్ని విడిగా ఆడదామన్నారు. చెల్లి కూడా సరేనంది. వచ్చే ఆదివారం నుంచి వెళ్తాను. ఆట నన్ను నడపమన్నారు."

"నిన్నా?"

"నన్నే."

సోమవారం మొదటి పాఠానికి ముందే అచ్చాఫీసుకి వెళ్ళాను. జేబులోని పాత తీర్పు చింపేసి, ప్రెస్సాయన ఎదుటే కొత్త కాగితం మీద "సరిపోదు" అని ఒక్క ముక్క రాసిచ్చాను. కారణాలు రాయలేదు. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చదివాడు.

"మంచిది. నీ మంత్రాలు నీ పుస్తకంలో ఉంటాయి. మౌనవిద్యని విడిగా కొత్త ఆటలా వేస్తా. ఇంకో మాట, ఏమనుకోకు. ఆదివారం బల్ల వాళ్ళకిచ్చాను. నేను కూడా అందులోనే ఆడతాను." కాసేపు నన్ను చూసి, "నువ్వే గెలిచావు కదయ్యా, ఆ ముఖమేంటి అలా మాడిపోయింది?" అన్నాడు.

వారం తిరిగేసరికి ఉప్పుకోట కాపీలు ఇంటికొచ్చాయి. కొత్త సిరా వాసన, గట్టి అట్ట, నూట నలభై మంత్రాలూ చెక్కు చెదరలేదు. ఆదివారం మధ్యాహ్నం ఒకటి తెరిచి నాకిష్టమైన మంత్రం పైకి చదివాను. పక్క గదిలో మా ఆవిడ కాగితం మీద ఏదో నది గీస్తోంది. ఉండబట్టలేక వెళ్ళి ఆమె భుజం మీదుగా చూశాను. ఆ నదికి రెండు ఒడ్డులూ ఒకే వైపున్నాయి. ఎలా సాధ్యం అని అడగబోయి ఊరుకున్నాను. నాకు తట్టని నది అది. తోడల్లుడి మీద అసూయ ఎటుపోయిందో తెలియదు గానీ, ఇప్పుడున్నది ఆవిడ మీదే, అంతకు పదింతలు.

ఆవిడ కాగితాలు సంచిలో సర్దుకుని చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"మీ ఆటలో ఇంకొకరికి చోటుందా?" అన్నాను. "ఏ చిన్న పాత్రయినా సరే."

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. 

"ఆలోచించి చెప్తాను," అని కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది.

నేను తలుపు వేసి లోపలికొచ్చి కూర్చున్నాను. ఆలోచించుకోనీ అనుకున్నాను. నా ఆటలో ఆవిడకి ఆ మాత్రం వ్యవధి ఒక్కసారి కూడా ఇవ్వలేదు.